గీతలు లేని ఉడుత కూర

అరోరా, ఇల్లినాయ్
ఆదివారం పొద్దున

పెద్దన్న మల్లేశానికి చెల్లెలు సరిత దండాలు పెట్టి రాసేది. ఇక్కడ నేను, మీ బావ రవీందర్, పిల్ల కీర్తి బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందని విన్నాను, మంచిదే. ఎవరు చెప్పారని వదిన మీద పడకు. అడిగింది నేను.

ఈ కాలంలో కాగితం మీద ఉత్తరం ఏమిటని అనుకుంటావేమో. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావు. వాట్సాప్‌లో రాస్తే చూస్తావు, జవాబివ్వవు. కాగితమైతే చేతిలో పడుతుంది. చింపితే చింపుతావు, కానీ చింపే ముందు నాలుగు మాటలైనా చదువుతావు. నీ సంగతి నాకు తెలియదా?

ముందు మామూలు కబుర్లు. ఇక్కడ చలి మొదలైంది. పొద్దున కారు అద్దం మీద మంచు గీకితే గాని బయలుదేరలేం. ఆకులు రాలి వాకిలి నిండిపోతోంది, ఊడ్చిన గంటకే మళ్ళీ పడతాయి. నా ఉద్యోగం పాతదే, స్కూల్ క్యాంటీన్‌లో. నెత్తికి జాలీ టోపీ, చేతులకు గ్లవ్స్ వేసుకుని వందల మంది పిల్లలకు పిజ్జా ముక్కలు వడ్డిస్తాను. వాళ్ళు తినేదానికంటే చెత్తడబ్బాలో వేసేదే ఎక్కువ, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. గ్రీన్ కార్డ్ ఇంకా క్యూలోనే ఉంది. మీ బావ ఆఫీసులో ఎప్పుడు ఎవరిని తీసేస్తారో తెలియదు, ఆయన లాప్‌టాప్ ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చుంటాడు. అయినా భయపడాల్సిందేమీ లేదు, బాగానే ఉన్నాం.

ఒంటరిగా అనిపిస్తోందా అని నువ్వు అడగలేదు, నేనే చెప్తున్నాను. అమ్మ పోయాక ఆదివారం పొద్దున ఫోన్ చేయడానికి నాకు మనిషి లేదు. ఆ గంట ఎలా గడపాలో తెలియక ఏడాదిగా ఫ్రిజ్ తుడుస్తున్నాను. ఇవాళ ఫ్రిజ్ వదిలేసి నీకు రాస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. నేను ఉడుతల వేటకు వెళ్ళాను.

నీ ముక్కు ముడుచుకుందని తెలుసు. జపమాల తిప్పే గదిలో ఇలాంటివి చదవకూడదనుకుంటే బయట అరుగు మీద కూర్చుని చదువుకో. కానీ చదువు. ఎందుకు వెళ్ళానో మొదటి నుంచి చెప్తాను, ఎందుకంటే నువ్వు ఏదీ గుర్తు లేనట్టు నటించడంలో ఆరితేరావు.

నాన్న సంగతి గుర్తుందా? కోతలు అయిపోయాక ఉచ్చులు పట్టుకుని గుట్ట వైపు వెళ్ళేవాడు. కుందేలో, కౌజు పిట్టలో, ఏదో ఒకటి తువ్వాలలో మూటగట్టి తెచ్చేవాడు. అది నేరమని మనకు తెలియదు, తెలిసినా నాన్న వినే రకం కాదు. ఒక్క ఉడుతను మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు అమ్మ. రాముడు వీపు నిమిరిన జీవి, ఆ మూడు గీతలు ఆయన వేళ్ళవి అనేది. మిగతా ఏది తెచ్చినా మట్టి గురిగిలో వేసి, గసాలు నూరి, పొయ్యి ముందు నుంచి లేవకుండా వండేది. తినేటప్పుడు మాట్లాడేది కాదు. ఎముక చప్పరించి పక్కన పెట్టి, మళ్ళీ తీసుకుని చప్పరించేది. తొడ ముక్క ఎప్పుడూ నీ కంచంలోకే పోయేది. అదొక్కటైనా మర్చిపోకు.

తర్వాత నువ్వు ఎవరో స్వామి దగ్గర ఉపదేశం తీసుకున్నావు. మంచిదే. మాంసం మానేశావు, అదీ మంచిదే, నీ నోరు నీ ఇష్టం. డెబ్బై దాటిన ముసలిదాని నోటికి తాళం వేయమని ఏ స్వామి చెప్పాడు? గుడ్డు కూడా గడప దాటి రాకూడదన్నావు. డాక్టర్ వద్దన్నాడని ఒకసారి, ఇల్లు మైలపడుతుందని ఇంకోసారి, ముసలితనంలో ఈ కోరికలేమిటని ఇంకోసారి. పక్కింటి కొమురక్క కొంగు చాటున చిన్న గిన్నెలో కోడికూర తెచ్చిన రోజు అమ్మ చేతిలోంచి గిన్నె లాక్కుని మోరీలో పోశావు. అమ్మ నీకు ఎదురు చెప్పలేదు. నాకు చెప్పింది, మూడు రోజుల తర్వాత, ఫోన్లో, నవ్వుతూ.

"బిడ్డా, నోరంత సప్పగైంది. ఒక్క ముక్క నోట్లె పడితె బాగుండు. మీ అన్నకు చెప్పకు, లొల్లి జేస్తడు."

చెప్పవద్దంది, అయినా నీకు చెప్పాను. నువ్వు లొల్లే చేశావు. తర్వాత రెండు నెలలకు ఆమె పోయింది.

నేను రాలేకపోయాను. ప్రయాణానికి పర్మిట్ కావాలి, అది చేతికి రాలేదు. అది లేకుండా బయలుదేరితే తిరిగి ఈ ఇంట్లో అడుగు పెట్టే దారి ఉండదు. లాయర్‌కు ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన సారీ అన్నాడు, ఆ సారీ విని నేల మీద కూర్చుండిపోయాను. ఈ మాటలు నీకు అప్పుడే చెప్పాను. నువ్వు అమెరికా వాళ్ళ సాకులు అన్నావు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముడితే ఆ మనిషి తిన్నట్టు అని చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. నువ్వేం పెట్టావు? పప్పు, పులిహోర, పెరుగన్నం, అరటిపండు. అమ్మకు ఇష్టమైనవట. పొద్దెక్కే దాకా నిలబడ్డారు, కాకులు గోడ మీద కూర్చుని చూశాయట గాని దిగలేదట. చివరికి ఆవుకు పెట్టి చేతులు కడుక్కున్నారు.

ఇక్కడ మాకు తెల్లవారాక నేనూ పెట్టాను. వెనక చెక్క అరుగు మీద విస్తరాకు వేసి, అన్నం, కోడికూర, ఉడకబెట్టిన గుడ్డు, ఆమెకు ప్రాణమైన సకినాలు. నీకు వీడియో కాల్ చేసి చూపించాను. అక్కడ సాయంత్రం, నీ చుట్టూ చుట్టాలందరూ ఉన్నారు. కాకి కోసం చూస్తుంటే కంచె మీద నుంచి ఉడుత దిగింది. ఇక్కడి ఉడుతలు మన వాటిలా వేలెడంత ఉండవు. పిల్లి కూనంత ఒళ్ళు, కుచ్చు తోక. నేను తలుపు తీసేలోపే విస్తట్లో కూర్చుని, రెండు చేతులతో సకినం పట్టుకుని కరకరా నమిలింది. నేను అరిచాను. అది ఇంకో సకినం తీసుకుంది. అప్పుడు నువ్వు అందరి ముందూ అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

"పిట్ట ముట్టాలె గని ఉడుత ముడుతదా? పోయిననాడు రానిదానివి, నీ గడపకు అమ్మ ఎందుకొస్తది? నువ్వు రాకనే ఈడ గుడ కాకి ముట్టలె."

చుట్టాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అది కూడా విన్నాను.

ఆ రోజు నుంచి నీ మీద, ఆ ఉడుత మీద నాకు ఒకే తీరు పగ. నువ్వు ఏడు సముద్రాల అవతల ఉన్నావు, అందవు. అది రోజూ నా వాకిట్లోనే తిరుగుతుంది. చీపురు విసిరాను. కారం నీళ్ళు చల్లాను. మీ బావ నాకు పిచ్చెక్కిందన్నాడు. ఎక్కిందేమో. ఒక పూట కాదు, ఏడాదంతా ఎక్కింది.

క్యాంటీన్‌లో నాతో పనిచేసే డార్లీన్ అని ఒకావిడ ఉంది, అరవై ఏళ్ళ తెల్లావిడ. ఊరికి గంట దూరంలో అడవి అంచున ఒక్కతే ఉంటుంది. మాటలు తక్కువ. ఒకరోజు భోజనాల దగ్గర నా చికెన్ కూర కొంచెం ఆమెకు ఇచ్చాను, ఆమె తన ఫ్లాస్క్‌లోని పులుసు నాకు పోసింది. ఉప్పూ కారం లేని పులుసు. అందులో ముక్క నోట్లో పెట్టుకుని నమిలాను, నమిలి ఆగిపోయాను. అచ్చం కుందేలు మాంసమే. నాన్న తువ్వాల విప్పినప్పటి కుందేలు, అమ్మ వండిన కుందేలు. ఎన్నేళ్ళయిందో ఆ రుచి నాలుక మీద పడి. ఏం మాంసమని అడిగితే స్క్విరల్ అంది, అంటే ఉడుత. ఉడుతను తిన్నానా అని తర్వాత ఆలోచించాను, ముందు మాత్రం కూర్చున్న చోటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డార్లీన్ కారం లేదని ఏడుస్తున్నాననుకుంది.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. అమ్మకు మళ్ళీ పిట్టకు పెట్టాలి, అడవి మాంసంతో పెట్టాలి. మూడు గీతల భయం కూడా లేదు, ఇక్కడి ఉడుత వీపు మీద ఒక్క గీత లేదు. రాముడు వీటి జోలికి రాలేదు. కాబట్టి అమ్మ కాదనదు.

డార్లీన్‌ను అడిగితే సరే అంది, కానీ ముందు నెల రోజులు నా వాకిట్లోని ఉడుతనే గమనించమంది. విసరడానికి చీపురు పట్టుకోకుండా, ఊరికే కూర్చుని చూడమంది. అన్నా, ఏడాదిగా దానితో యుద్ధం చేస్తున్నాను గాని దాని దినచర్య నాకు తెలియదు. చూస్తే తెలిసింది. తెల్లవారిన తర్వాత రెండు గంటలు అది ఒక్క చోట నిలవదు, తిండి కోసం తిరుగుతుంది. ఎండ నడినెత్తికొచ్చే వేళకు మాయమైపోతుంది, చెట్టు కొమ్మల్లో ఆకులతో కట్టుకున్న గూట్లో పడి నిద్రపోతుంది. మళ్ళీ పొద్దు వాలేటప్పుడు దిగుతుంది. గాలి గట్టిగా వీచే రోజు బయటికే రాదు. కొమ్మలన్నీ కదులుతుంటే గద్ద ఎటునుంచి వస్తుందో దానికి తెలియదు కదా, అందుకని. వాన వెలిసిన పొద్దున మాత్రం ఆత్రంగా వస్తుంది. ఈ ఆకురాలే కాలంలో దాని పనంతా గింజలు పూడ్చడమే. పూడ్చేటప్పుడు మనం చూస్తున్నామని తెలిస్తే ఉత్తినే పూడ్చినట్టు నటించి, గింజ నోట్లోనే పెట్టుకుని ఇంకో చోటికి పోతుంది. అది చూసినప్పుడు నువ్వే గుర్తొచ్చావు.

మొదటిసారి వేటకు వెళ్ళింది చీకటి విడవక ముందు. తుపాకీ డార్లీన్‌ది, లైసెన్స్ ఆమెది. నేను దాన్ని వేలితో కూడా ముట్టుకోలేదు, వీసా మీద ఉన్నవాళ్ళం మనకెందుకు ఆ తంటా. ఆమె ముందే చెప్పింది, ఉడుతల వెంట తిరగకూడదు, అవి తినే చెట్టు కనుక్కుని దాని కింద కూర్చోవాలని. హికరీ అని ఒక చెట్టు ఉంది, దాని కాయలంటే వీటికి ప్రాణం. ఆ చెట్టు కింద కొత్తగా కొరికిన పెంకులు ఉంటే అక్కడ ఆగాలి. పెంకు లోపల తెల్లగా ఉంటే నిన్నటిది, నల్లబడితే పాతది. అక్కడే ఇంకో చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాం. కదలకూడదు. ముక్కు గోక్కోకూడదు. నేను చేతికి గాజులు వేసుకుని వెళ్ళాను, అవి గలగలమంటే డార్లీన్ నా వైపు ఒక చూపు చూసింది. గాజులు తీసి జేబులో పెట్టుకున్నాను.

అరగంటకు పైనుంచి పెంకులు రాలడం మొదలైంది. చిటపటమని సన్నటి చప్పుడు. డార్లీన్ మెల్లగా తుపాకీ ఎత్తింది. అప్పుడు నా జేబులో ఫోన్ టింగుమంది. ఉడుత తోక విదిలించి, బొంగురు గొంతుతో నాలుగు తిట్లు తిట్టి, కొమ్మల మీద నుంచి ఎటో వెళ్ళిపోయింది. దాని కేకతో చుట్టుపక్కల ఉన్నవన్నీ నోరు మూసుకున్నాయి, ఆ పొద్దంతా మళ్ళీ ఒక్కటి కనబడలేదు. ఫోన్ తీసి చూస్తే నువ్వు. నాకు ఒక్కదానికి రాయవు గాని ఫ్యామిలీ గ్రూప్‌లో మాత్రం పంపుతావు కదా, సాత్వికాహారం వల్ల లాభాలు, కింద తామరపువ్వు బొమ్మ. అమ్మ నోటి ముందు నుంచి రెండోసారి ముక్క లాగేశావన్నా. ఈసారి అడవి దాకా వచ్చి లాగేశావు.

మళ్ళీ రెండు వారాలకు గాని కుదరలేదు. డార్లీన్‌కు వీలైన శనివారం కావాలి, ముందు రోజు రాత్రి వాన పడి ఉండాలి, గాలి ఉండకూడదు. తిథి అంటూ పంచాంగం చూసుకునే నువ్వు నవ్వుకో. నేను ఫోన్‌లో గాలి వేగం చూసుకుని అమ్మకు రోజు పెట్టాను. కీర్తి తాను రానంది. మీ బావ మాత్రం కారు డ్రైవ్ చేసి తీసుకొచ్చి, డార్లీన్ ఇంట్లో కాఫీ తాగుతూ కూర్చున్నాడు. నా ఫోన్ ఆయన చేతిలో పెట్టి అడవిలోకి వెళ్ళాను.

వానకు తడిసిన ఆకులు మెత్తగా ఉన్నాయి, నడిస్తే చప్పుడు రాలేదు. ఆ చెట్టు కిందే కూర్చున్నాం. అంతసేపు చేతిలో ఏ పనీ లేకుండా కూర్చోవడం అమ్మ పోయాక నాకు అదే మొదటిసారి. అంట్లు లేవు, ఫ్రిజ్ లేదు, ఫోన్ లేదు. ఏడుపొచ్చింది, చప్పుడు కాకుండా ఏడ్చాను. నీ మీద కోపంతో ఇన్నాళ్ళూ అమ్మ కోసం సరిగ్గా ఏడవనే లేదని అప్పుడు తెలిసింది.

వెలుగు పడ్డాక ఒకటి దిగింది, ఎర్రటి పొట్టది, బాగా బలిసినది. డార్లీన్ తుపాకీ ఎత్తేలోపే మమ్మల్ని పసిగట్టి మానుకు అవతలి వైపు అతుక్కుపోయింది. ఇక రాదు, మనం కదిలేదాకా అలాగే ఉంటుంది. డార్లీన్ నా వైపు చూసి వేలితో గుండ్రంగా తిప్పి చూపించింది. నాకు అర్థమైంది. నాన్న మనిద్దరితో చేయించింది అదే కదా? ఉడుము చెట్టెక్కి మాను వెనక దాక్కుంటే నాన్న ఇవతల కదలకుండా నిలబడేవాడు, మనిద్దరం చప్పుడు చేస్తూ అవతలికి నడిచేవాళ్ళం. అది మన నుంచి తప్పించుకోవడానికి నాన్న వైపు జరిగేది. నువ్వు ముందు, నేను నీ చొక్కా పట్టుకుని వెనక. ఇప్పుడు నీ చొక్కా లేదు, ఒక్కదాన్నే వెళ్ళాను. కాళ్ళతో ఆకులు తన్నుతూ, కావాలని దగ్గుతూ చెట్టు చుట్టూ నడిచాను. ఉడుత నన్ను చూసి గోళ్ళతో బెరడు గీరుతూ డార్లీన్ వైపు జరిగింది. తుపాకీ దెబ్బ ఒక్కటి వినిపించింది.

నేను పరుగెత్తబోయాను. డార్లీన్ చేయి ఎత్తి ఆపింది. పడిన చోటు గుర్తు పెట్టుకుని అక్కడే నిలబడాలట. మనం కదలకపోతే మిగతావి కొంతసేపటికి ఆ చప్పుడు మర్చిపోయి మళ్ళీ పనిలో పడతాయట. నిజమే, పావుగంటకు మళ్ళీ పెంకులు రాలాయి. ఆ పొద్దు మాకు మూడు దొరికాయి.

వాటిని కోసింది డార్లీన్, కడిగింది నేను, వండిందీ నేనే. మసాలాలన్నీ ఇంటి నుంచి డబ్బాల్లో తెచ్చుకున్నాను. కుందేలుకు అమ్మ ఎలా చేసేదో అలాగే చేశాను. ముందు పసుపు, ఉప్పు వేసి దాని నీళ్ళతోనే ఉడికించి, తర్వాత ఎర్రగా వేగిన ఉల్లిగడ్డలో వేసి, అల్లం వెల్లుల్లి, మన ఊరి కారం, చివర్న ధనియాలు, గసాలు. కారం ఘాటుకు డార్లీన్ దగ్గుతూ కిటికీలన్నీ తెరిచింది. మీ బావ వాసన చూసి, అత్త పొయ్యి కాడ కూర్చున్నట్టుందన్నాడు. ఆయన ఎప్పుడూ అలా మాట్లాడడు.

మిట్టమధ్యాహ్నం దాకా ఆగాను. ఆగడానికి కారణముంది. అది ఉడుతలు పడుకునే గంట. పోయినసారి పొద్దున్నే పెట్టి మోసపోయాను, అది వాటి తిండి వేళ అని నాకు తెలియదు. ఈసారి శత్రువు నిద్రపోయే వేళ తెలుసుకుని పెట్టాను. డార్లీన్ ఇంటి వెనక నరికేసిన చెట్టు మొద్దు ఉంది. దాని మీద విస్తరాకు వేసి అన్నం, కూర పెట్టి, తొడ ముక్క పైన పెట్టాను. ఒక గ్లాసులో నీళ్ళు. దూరంగా వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. డార్లీన్‌కు విషయం చెప్తే ఇంట్లోకి వెళ్ళి టోపీ తీసేసి వచ్చి కూర్చుంది.

కాకి వచ్చింది. ఎండిన కొమ్మ మీద వాలి విస్తరి వైపు, మా వైపు మార్చి మార్చి చూసింది. దిగలేదు. చాలాసేపు చూశాం. మీ బావ ఊరుకోలేదు.

"అత్తకు ఏదన్న మాట ఇయ్యి. ఇయ్యకుంటె దిగది."

మాట ఇచ్చాను. కీర్తిని వేసవికి ఊరికి తీసుకొస్తానన్నాను. బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటానన్నాను. ఆమె చీరలు ఎవరికీ ఇవ్వకుండా కట్టుకుంటానన్నాను. కాకి మెడ తిప్పింది గాని కదలలేదు. మీ బావ నా వైపు చూడకుండా అన్నాడు.

"మీ అన్నతోని మంచిగుంటనని చెప్పు. ఆమె పాణమంత ఆడనే ఉండె."

ఆయన చెప్పింది నిజం. అమ్మ చివరిదాకా అడిగింది అదొక్కటే, మీరిద్దరు ఒక్క తీరుగా ఉండండని. నోరు తెరిచాను. మోరీలో పోసిన గిన్నె కళ్ళ ముందుకొచ్చింది. చుట్టాల కిసుకు చెవిలో పడింది. లేచి నిలబడి ఆ కాకితోనే అన్నాను.

"అమ్మా, ఆ మాట నాతోని గాదు. అబద్ధమాడి నీకు అన్నం పెట్టలేను. కూర సల్లారుతుంది, దిగి తిను."

మీ బావ తల పట్టుకున్నాడు. ఇక అయిపోయిందనే అనుకున్నాను. కాకి ఒక్కసారి రెక్కలు సర్దుకుని మొద్దు మీదికి దిగింది. అన్నం వైపు చూడలేదు. తొడ ముక్క పట్టుకుంది, కాలితో అదిమి పెట్టి పొడిచి పొడిచి తింది. ఎముక పక్కన పడేసి, మళ్ళీ తీసుకుంది. ఇంకో కాకిని రానివ్వలేదు. నేను మెట్ల మీద కూర్చుని బావురుమని ఏడ్చాను, డార్లీన్ నా వీపు మీద చేయి వేసింది.

అన్నా, నీకు ఈ ఉత్తరం రాసింది వేట గొప్పలు చెప్పుకోవడానికి కాదు. నీతో మంచిగా ఉంటానని నేను మాట ఇవ్వలేదు. అయినా అమ్మ వచ్చింది. అంటే పోయినేడు మీ వాకిట్లో కాకి దిగకపోవడానికి నేను రాకపోవడం కారణం కాదు. మన పోట్లాట కూడా కారణం కాదు. ఆమె ఆకలితో పోయింది, ఆకలితోనే గోడ మీద కూర్చుంది, నువ్వు ఆమె ముందు పులిహోర పెట్టావు.

సంవత్సరీకం ఇంకో నాలుగు వారాలు. నా పర్మిట్ వచ్చింది, స్కూల్‌లో సెలవు కూడా అడిగి పెట్టుకున్నాను. టికెట్ మాత్రం బుక్ చేయలేదు. ఆ రోజు విస్తట్లో ముక్క పెట్టనిస్తానని ఒక్క మాట చెప్పు, బుక్ చేస్తాను. నువ్వు తినవద్దు, ముట్టవద్దు, వండే గదిలోకి కూడా రావద్దు. వాకిట్లో పొయ్యి పెట్టి నేను వండుతాను, తర్వాత నీ ఇల్లంతా పసుపు నీళ్ళతో కడిగి పోతాను. ఆ మాట నీ నోటి నుంచి రాకపోతే నేను రాను. అప్పుడు కాకి దిగకపోతే చుట్టాల ముందు నా పేరు ఎత్తకు, ఏం పెట్టావో అది చెప్పు.

కొమురక్కకు నా దండాలు చెప్పు, నీకు మనసొప్పకపోతే వదినతో చెప్పించు. పెద్దమ్మకు, చిన్నాయనకు అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు. ఆడపిల్ల అన్న కాళ్ళకు దండం పెట్టి దీవెన అడగాలి, పెట్టాను, అడిగాను. చలికి నీ మోకాలు జాగ్రత్త. మేం బాగానే ఉన్నాం.

నీ తోడబుట్టింది,
సరిత